ఆత్మల వివేచన

ఆత్మల వివేచన: దైవచిత్తాన్ని గుర్తించి పరిశుద్ధతలో ఎదిగేందుకు కథోలికులు చేసే ప్రార్థనాపూర్వక పరిశీలన. దీని నియమాలను క్రమబద్ధం చేసినవారు యేసు సభ స్థాపకులు పునీత లొయోలా ఇగ్నేషియస్ (1491–1556). 1521లో పాంప్లోనా యుద్ధంలో గాయపడి మంచం పట్టినప్పుడు, లోక కీర్తిని గురించిన ఊహలు కాసేపు అలరించి వెలితినే మిగిల్చేవనీ, పునీతుల బాటలో నడవాలన్న తలపు తెచ్చిన ఆనందం నిలిచేదనీ ఆయన గమనించారు. ఈ అనుభవంలో మొలకెత్తిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ గ్రంథాన్ని 1548లో మూడవ పౌలు పోపు ఆమోదించారు.

ఇగ్నేషియస్ నియమాల ప్రకారం విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలను పెంచే స్థితి ఓదార్పు. వాటిని సన్నగిల్లజేసే కలత, నిరుత్సాహం శుష్కత. శుష్కతలో ఉండగా అంతకుముందు చేసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చుకోకూడదు; ప్రార్థనను పెంచాలి. మంచివాటిలో మరింత మేలైనదాన్ని ఎంచుకోవడమే వివేచన. పాపకార్యం ఎన్నడూ ఎంపిక కాదు. అనుదిన ఆత్మపరిశీలన, దివ్యసంస్కారాలు, ఆధ్యాత్మిక గురువు సలహా వివేచనకు ఊతం.