చీటీల పెట్టె నుంచి నోట్స్ యాప్ దాకా

చదివిందీ తోచిందీ రాసి పెట్టుకోవడం మనిషికి పాత అలవాటు. రాసింది అవసరమైన వేళకు దొరక్కపోవడం అంతే పాత చిక్కు. నేటి నోట్స్ యాప్‌ల చరిత్ర అంటే, ఈ చిక్కు విప్పడానికి నాలుగున్నర శతాబ్దాలకు పైగా సాగిన ప్రయత్నాల చరిత్రే.

అచ్చుయంత్రం వచ్చాక యూరప్‌లో పుస్తకాలు వెల్లువెత్తాయి. జ్యూరిక్ పండితుడు కొన్రాడ్ గెస్నర్ 1548లో ఒక ఉపాయం చెప్పాడు: కాగితానికి ఒకవైపే రాయాలి, అంశం వారీగా చీటీలు కత్తిరించాలి, కావలసిన వరసలో పేర్చుకోవాలి.

ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ నోటు పుస్తకాన్నే నమ్ముకున్నాడు. ఆయన పద్ధతి 1686లో ఫ్రెంచిలోనూ, మరణానంతరం 1706లో ఇంగ్లీషులోనూ అచ్చయింది. పుస్తకం మొదట్లో రెండు పేజీల సూచిక గీస్తారు. శీర్షికలోని తొలి అక్షరాన్నీ, దాని వెనక వచ్చే తొలి అచ్చునూ బట్టి గడి ఎంచి, అందులో పేజీ నంబరు వేస్తారు. ఏ విషయానికీ ముందుగా పేజీలు కేటాయించనక్కర్లేదు.

చీటీల పద్ధతిని పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు జర్మన్ సామాజికవేత్త నిక్లాస్ లూమన్ (1927-1998). ప్రభుత్వోద్యోగిగా 1950ల తొలినాళ్లలో మొదలుపెట్టి, బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక కూడా కొనసాగించి, దాదాపు 90,000 చీటీలు రాశాడు. ప్రతి చీటీకీ మారని నంబరు ఉంటుంది. 57/12 తర్వాతి చీటీ 57/13. ఆ రెంటి మధ్య కొత్త ఆలోచన చేర్చాలంటే 57/12ఎ అని వేస్తే చాలు. సంబంధం ఉన్న మరో చీటీ ఎంత దూరాన ఉన్నా, దాని నంబరు ఇక్కడ రాసి పెట్టేవాడు. పదుల కొద్దీ పుస్తకాలు, వందలాది వ్యాసాలు ఈ చీటీల పెట్టెల ఆసరాతోనే వచ్చాయి. 2011లో విశ్వవిద్యాలయం వాటిని సేకరించింది.

అమెరికన్ ఇంజనీరు వానెవర్ బుష్ 1945లో 'మెమెక్స్' అనే యంత్రాన్ని ఊహించాడు. బల్లలో మైక్రోఫిల్ముపై దాచిన పత్రాలను పాఠకుడే ఒకదానితో ఒకటి ముడివేసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. అది తయారు కాలేదు కానీ, కంప్యూటర్ లింకులకు దారి చూపింది. తర్వాత 2003లో వన్‌నోట్, 2008లో ఎవర్‌నోట్, 2013లో గూగుల్ కీప్, 2020లో ఒబ్సిడియన్ వచ్చాయి. ఒబ్సిడియన్‌లో జంట చదరపు బ్రాకెట్ల మధ్య మరో నోట్ పేరు టైప్ చేస్తే లింకు పడుతుంది. ఆ రెండో నోట్ తెరిచినా, తనకు ఎక్కడెక్కడి నుంచి లింకులు ఉన్నాయో చూపిస్తుంది. లూమన్ చేత్తో వేసుకున్న నంబర్ల పని ఇదే.

వెతకడం ఇప్పుడు క్షణాల పని. దాంతో దాచడం కూడా తేలికైపోయి, కనిపించిన ప్రతి వ్యాసాన్నీ యాప్‌లో పడేయడం అలవాటవుతోంది. అలా పోగుపడినదాంట్లో పనికొచ్చేది తక్కువ. సొంత మాటల్లో క్లుప్తంగా రాసి, స్పష్టమైన శీర్షిక పెట్టి, పాత నోట్‌తో కలిపి, అప్పుడప్పుడు తిరగేసిన నోట్సే అక్కరకొస్తాయి. ఎంత మంచి యాప్ వచ్చినా ఈ నాలుగు పనులూ మనిషి చేసుకోవలసినవే.