366వ రోజున మూగబోయిన మ్యూజిక్ ప్లేయర్లు: ‘జ్యూన్ 30’ లీపు సంవత్సరపు లోపం

కొత్త సంవత్సర వేడుకలకు ప్రపంచం సిద్ధమవుతున్న 2008 డిసెంబరు 31న అమెరికాలో వేలాది మంది చేతుల్లోని మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2006 నవంబరులో విడుదల చేసిన, 30 గిగాబైట్ల సామర్థ్యం గల ‘జ్యూన్ 30’ పరికరాలవి. ఆన్ చేయగానే తెరపై కంపెనీ చిహ్నం కనిపించేది. ఆ తరువాత మీటలేవీ పనిచేసేవి కావు, పాట వినిపించేది కాదు. వైరస్ దాడి జరగలేదు, హార్డ్ డిస్క్ చెడిపోలేదు. రోజులను లెక్కపెట్టే కొన్ని వరుసల ప్రోగ్రామ్‌లోని పొరపాటే ఇందుకు కారణం.

లీపు సంవత్సరం ఎందుకు?

భూమి సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి సుమారు 365.2422 రోజులు పడుతుంది. మిగిలిపోయే పావు రోజును సర్దడానికి నాలుగేళ్లకోసారి ఫిబ్రవరికి ఒక రోజు కలుపుతారు. చాంద్ర, సౌర మానాల మధ్య తేడాను మన పంచాంగం అధిక మాసంతో సరిదిద్దుకోవడం వంటిదే ఈ ఏర్పాటు. అయితే 100తో భాగింపబడే సంవత్సరం 400తోనూ భాగింపబడితేనే లీపు సంవత్సరమవుతుంది. అందుకే 2000 లీపు సంవత్సరం, 1900 కాదు.

లోపం ఎక్కడుంది?

జ్యూన్ 30లోని గడియారం 1980 జనవరి 1ని ఒకటవ రోజుగా తీసుకుని, అక్కడి నుంచి రోజుల సంఖ్యను మాత్రమే నమోదు చేస్తుంది. ఆ సంఖ్యను సంవత్సరంగా మార్చే బాధ్యత ‘డ్రైవర్’ అనే సాఫ్ట్‌వేర్ భాగానిది. పరికరంలోని చిప్‌ను తయారుచేసిన ఫ్రీస్కేల్ సంస్థ కోడ్‌లో ఈ భాగం ఉంది.

లెక్క సులభమే. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువగా ఉన్నంత వరకు ప్రోగ్రామ్ సాధారణ సంవత్సరానికి 365, లీపు సంవత్సరానికి 366 చొప్పున తీసివేస్తూ, సంవత్సరాన్ని ఒకటి చొప్పున పెంచుతూ పోతుంది. లీపు సంవత్సరమైతే మాత్రం, మిగిలినవి 366 కంటే ఎక్కువ ఉన్నప్పుడే తీసివేస్తుంది.

2008 డిసెంబరు 31 ఈ లెక్కలో 10,593వ రోజు. 1980 నుంచి 2007 వరకు గల రోజులన్నీ తీసివేస్తే సరిగ్గా 366 మిగులుతాయి. అది 365 కంటే ఎక్కువ కనుక లెక్క ముగియదు. 366 కంటే ఎక్కువ కాదు కనుక తీసివేత జరగదు. సంఖ్య మారకపోవడంతో ప్రోగ్రామ్ అదే ప్రశ్నను అంతులేకుండా వేసుకుంటూ ఉండిపోయింది. పరికరం ఆన్ అయ్యే దశలోనే ఈ లెక్క జరుగుతుంది కనుక తరువాతి పనులేవీ మొదలు కాలేదు.

అందరూ అనుమానించే ఫిబ్రవరి 29 ఆ ఏడాది సాఫీగానే గడిచింది. అది సంవత్సరంలో 60వ రోజు మాత్రమే. ఈ లోపం లీపు సంవత్సరపు చివరి రోజున తప్ప బయటపడదు. జ్యూన్ 30 విడుదలయ్యాక వచ్చిన మొదటి లీపు సంవత్సరం 2008 కావడంతో రెండేళ్లపాటు ఎవరి దృష్టికీ రాలేదు.

పరిష్కారం: వేచి ఉండటమే

బ్యాటరీ పూర్తిగా అయిపోయే వరకు ఆగి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు దాటాక ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయాలని మైక్రోసాఫ్ట్ సూచించింది. అప్పటికి అమెరికా అంతటా కొత్త సంవత్సరం వచ్చేసి ఉంటుంది. ఆ రోజు లెక్క 367కు చేరి, అందులో 366 పోగా ఒకటి మిగులుతుంది. చిక్కుముడి దానంతటదే విడిపోతుంది. దాచుకున్న పాటలకు నష్టం జరగలేదు. ఇదే చిప్ డ్రైవర్ లేని ఇతర జ్యూన్ నమూనాలపై ప్రభావం పడలేదు.

కోడ్‌ను సరిదిద్దడంలోనూ ఒక మెలిక ఉంది. ‘366 కంటే ఎక్కువ’ అన్న షరతును ‘366 లేదా అంతకంటే ఎక్కువ’గా మార్చితే పరికరం ఆగిపోదు గానీ, డిసెంబరు 31ని 2009లోని సున్నా రోజుగా చూపుతుంది. లీపు సంవత్సరంలో 366 మిగిలినప్పుడు లెక్కను అక్కడే ముగించడమే సరైన మార్గం.

ఇతర ఉదంతాలు

2010 మార్చి 1న సోనీ ప్లేస్టేషన్ 3 పాత నమూనాలు, 2010ని లీపు సంవత్సరంగా పొరబడి ఇబ్బంది పెట్టాయి. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్ సేవలు స్తంభించాయి. భద్రతా ధ్రువపత్రాల గడువు కోసం సంవత్సరానికి ఒకటి కలిపిన ప్రోగ్రామ్, ఉనికిలో లేని 2013 ఫిబ్రవరి 29వ తేదీని సృష్టించడమే అందుకు కారణం.

జ్యూన్ పరికరాల తయారీ 2011లో నిలిచిపోయింది. తేదీలతో పనిచేసే ప్రోగ్రామ్‌ను ఫిబ్రవరి 29తో పాటు లీపు సంవత్సరపు డిసెంబరు 31న కూడా పరీక్షించాలన్న పాఠం మాత్రం మిగిలింది. నాటి నష్టం ఒక రోజు సంగీతంతో ముగిసింది. ఆసుపత్రి పరికరాలు, బ్యాంకులు, రైల్వే వ్యవస్థలు కూడా ఇటువంటి గడియారాలపైనే ఆధారపడుతున్నాయి. అక్కడ ‘రేపటి వరకు ఆగండి’ అన్న పరిష్కారం చెల్లదు.