కప్పు గెలిచిన నగరము

రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నపు పెద్ద చెరువును ఎరుగనివారు అరుదు. ఆ ఊరి పేరు 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను మనకు నేటికిని స్మరణకు దెచ్చుచున్నది. వాన ఎంత కురిసినను, కట్ట లేనిచో నీరు నిలువదని ఆ చెరువు క్రింది రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆటలలో గెలుపును అట్టి వానవంటిదే. ఆ ఊరికి చేరువనున్న హైదరాబాదు నగరపు కథయే ఇందుకు నిదర్శనము.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసినది. ఆ కొలువును, ఆ సైన్యమును నమ్ముకొని బ్రతికిన కుటుంబములు పెక్కింటికి జీవనాధారము పోయినది. నగరమున భయమును, నిరుద్యోగమును అలముకొన్నవి. సరిగా ఆ దినములలోనే నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు దేశమునంతను ఆశ్చర్యపరచినది. 1950లో మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండు కప్పు గెలుచుకొన్నది. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును చేజిక్కించుకొన్నది.

ఈ గెలుపులు నగరపు గాయములను మాన్పినవా? అట్లనుట అతిశయోక్తియే యగును. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన చెలరేగి, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ సంవత్సరమే పోలీసు జట్టు మరల రోవర్సు కప్పు గెలిచినది. ఒకే దుస్తులను జూచి నగరము ఒకచోట దుఃఖించినది, మరియొకచోట గర్వించినది. కప్పు పోయిన ఉద్యోగములను తిరిగి యీయలేదు. కాని బంతి తన్నగల పేదయింటి పిల్లవానికి పోలీసు కొలువు దొరకుననెడి ఆశను కల్పించినది. కొత్త పాలనలో తమ చోటు ఏదో తెలియక తికమకపడుచున్న నగరవాసులకు, అన్ని మతముల వారును కలిసి తమదని చెప్పుకొనదగినది ఒకటి లభించినది.

ఆ వానకు కట్ట పోసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. బంతిని తానే త్రిప్పుకొనక తోటివానికి అందించు అలవాటు కొరకును, బలహీనమైన కాలికి నేర్పు కలుగుట కొరకును ఆయన ప్రత్యేకముగా పోటీలు నడిపెను. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ శిక్షణలో రాణించిన వారిలో ఒకడు. రహీం శిక్షకుడుగా నుండగనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణము తెచ్చినది. 1963లో ఆయన కన్నుమూసెను. ఆటగాండ్రు పలువురు కలకత్తా బాట పట్టిరి. కట్టను జూచువారు కరవైరి, క్రమముగా నీరింకినది.

2022 మార్చిలో హైదరాబాదు ఎఫ్.సి. జట్టు ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. నగరము మరల మురిసినది. కాని ఆర్థికపు చిక్కులు ముసిరి, 2025లో ఆ సంఘము ఢిల్లీకి తరలిపోయినది. పాత పోలీసు జట్టు గెలుపులు అంతకంటె దీర్ఘకాలము నిలుచుటకు కారణము సుస్పష్టము: వాని వెనుక నగరములోనే పుట్టిన పిల్లలును, వారికి ఆట నేర్పిన పంతులును ఉండిరి.

కప్పు వచ్చిన దినమున ఊరేగింపు జరుపుట సులభము. ఆ మరునాడు వాడలోని ఆటస్థలము నిలిచియున్నదా, అందు పిల్లలకు నేర్పువాడున్నాడా యని మనము విచారింపవలెను.