అడిగిందే అడిగే కొత్తవాళ్ళు

బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలై వందేళ్ళు కావస్తోంది. ఇల్లెందు దగ్గర 1889లో మొదలైన సింగరేణి తవ్వకాలు గోదావరి దాటి ఉత్తరానికి విస్తరించినప్పుడు, బాయిలోకి దిగినవాళ్ళలో చాలామంది నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్ళే. ఎవరు దిగినా సందేహాలు అవే. పైకప్పు చప్పుడు చేస్తే దేనికి గుర్తు? షాట్ (బొగ్గు పగలగొట్టే మందుగుండు) పేలాక ఎంతసేపటికి ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) దగ్గరికి పోవచ్చు? గాలి సరిగా ఆడటం లేదని ఎట్లా తెలుస్తుంది? వీటికి జవాబు చెప్పడం ఫలానావాడి పని అని రాసిపెట్టి లేనన్నాళ్ళూ, కొత్తవాడి ప్రాణం పక్కన పనిచేసే పాతవాడి ఓపిక మీద ఆధారపడింది. 1952 గనుల చట్టం కింద 1966లో వచ్చిన వృత్తి శిక్షణ నియమాలు ఆ ఏర్పాటును మార్చాయి. శిక్షణ లేనివాణ్ణి గనిలో పనికి పెట్టకూడదన్నాయి. కార్మికులు వీటీసీ అని పిలుచుకునే శిక్షణ కేంద్రం ఆ నియమాల ఫలితమే. అంతకన్నా నన్ను ఆకట్టుకునేది మరో నిబంధన: పాతవాళ్ళు కూడా అయిదేళ్ళకోసారి వచ్చి ఆ పాఠాలు మళ్ళీ వినాలి. ఇరవయ్యేళ్ళ సర్వీసున్నవాడు బెంచీ మీద కూర్చుని తనకు తెలిసిందే మళ్ళీ వింటుంటే, కొత్తవాడి ప్రశ్నను ఎగతాళి చేసే అవకాశం ఎవరికీ ఉండదు.

జీతం, చట్టం, ప్రాణభయం ఉన్నచోట ఈ పని ఇలా ఒక కొలిక్కి వచ్చింది. ఈ మూడూ లేని చోట, అంటే ఇష్టం కొద్దీ జనం పోగయ్యే చోట, అడిగిందే అడిగే కొత్తవాళ్ళను ఎలా సంబాళించారన్నది వేరే చరిత్ర. వంట కానీ, కంప్యూటర్లో తెలుగు కానీ, విజ్ఞాన సర్వస్వం రాయడం కానీ, అక్కడ పాతవాళ్ళు ముందు విసుక్కునేది కొత్తవాడి బద్ధకం మీద. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు తోచేది మరొకటి. ప్రశ్న తిరిగి రావడం వల్ల ఏ బృందమూ చెడలేదు. జవాబు చెప్పే బరువు ఎవరిదో తేల్చకుండా వదిలేసిన చోట మాత్రం, ఎక్కువ ఓపికున్న ఒకరిద్దరి మీద అదంతా పడి, వాళ్ళు అలిసిపోయి తప్పుకున్నారు.

వారపత్రికల కాలంలో ఆ బరువు ఒక్క మనిషిది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికను 47 ఏళ్ళపాటు ఆపకుండా నడిపారు. వంట, ఇల్లు, సంసారం, లోకజ్ఞానం దాకా అడగనిది లేదు. పత్రిక రైలెక్కి వెళ్ళగలిగిన ఏ ఊరి నుంచైనా ఓ కార్డు ముక్క రాస్తే చాలు. అంతకాలం నడిచిన శీర్షికకు అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ రాకుండా ఉండవు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు కదా. ఆమెకు రెండు వెసులుబాట్లు ఉన్నాయి. ఏ ఉత్తరానికి జవాబివ్వాలో ఎంచుకునే హక్కు ఒకటి, అదే ఆమె ఉద్యోగం కావడం రెండోది. దీనికి తోడు, వంటింటి తొలి సందేహాలను ‘వంటలు–పిండివంటలు’ పుస్తకంగా విడిగా పెట్టారు. అది ఎన్నిసార్లో పునర్ముద్రణ పొందింది. పుస్తకం వచ్చాక శీర్షిక ఆగిపోలేదన్నది గమనించాలి. కొలతలు పుస్తకంలో చూసుకున్న మనిషికి కూడా, తన పాకం ఎందుకు ముదిరిపోయిందో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలని ఉంటుంది.

కంప్యూటర్లు వచ్చాక ఈ ఏర్పాటు తలకిందులైంది. జవాబిచ్చే మనిషికి ఉద్యోగమూ లేదు, ఎంచుకునే హక్కూ లేదు, ప్రశ్న అందరి కళ్ళముందూ పడుతుంది. తరచూ అడిగే ప్రశ్నల పట్టిక పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. 1980ల మొదట్లో నాసాకు చెందిన యూజీన్ మియా అంతరిక్షం గురించిన ఒక చర్చాబృందంలో అలాంటి జవాబులను పోగుచేసి, మళ్ళీ మళ్ళీ పంపేవారు. ఇలాంటి చర్చాబృందాలెన్నో ఉన్న యూజ్‌నెట్‌లో ఆ పద్ధతి వ్యాపించింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు చేరి పాత ప్రశ్నలే అడిగేవాళ్ళు, నెల తిరిగేసరికి మర్యాదలు నేర్చుకునేవాళ్ళు. 1993 తర్వాత మామూలు ఇళ్ళ నుంచి జనం వచ్చిపడటంతో ఆ తాకిడి మరి తగ్గలేదు. పాతకాపులు దానికి ఎప్పటికీ ముగియని సెప్టెంబరు అని పేరు పెట్టారు. ఆ పేరులోని విసుగు అర్థమవుతుంది కానీ, అందులో ఒక ఒప్పుకోలు కూడా ఉంది: మర్యాదలు నేర్పడానికి ఇంతకుముందు ఎవరో ఉండేవారు, ఇప్పుడు లేరు.

తెలుగువాళ్ళ విషయంలో ఆ ఎడతెగని ప్రశ్న ఒక్కటే: కంప్యూటర్లో తెలుగు ఎలా? 1990ల తొలి ఏళ్ళలో యూజ్‌నెట్‌లోని తెలుగు బృందంలో చేరినవాళ్ళకు అక్కడ కనిపించింది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్టీయస్ పద్ధతి అది. అందులో పెద్దబడి అక్షరానికీ చిన్నబడి అక్షరానికీ తేడా ఉంటుంది. త ఎట్లా రాయాలి, ట ఎట్లా రాయాలి అని ప్రతి కొత్తవాడూ అడిగి తీరాల్సిందే. తర్వాత అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి (ఫాంట్) ఉన్నా, సెట్టింగుల్లో ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి అదనపు ఫైళ్ళు ఎక్కిస్తే తప్ప తెలుగు సరిగా కనబడేది కాదు. “నాకన్నీ డబ్బాలే కనిపిస్తున్నాయి” అన్న మొర ఆ దశాబ్దమంతా వినిపించింది. ఔత్సాహికులు బొమ్మలతో సహా సూచనలు రాసిపెట్టారు, చర్చల్లో లింకులు ఇచ్చారు. అయినా ప్రశ్న ఆగలేదు. వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ అనే పనిముట్టు వార్తాపత్రికల సొంత ఖతుల్లోని రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. వీవెన్ రూపొందించిన లేఖిని వచ్చాక, ఏదీ స్థాపించుకోనక్కర లేకుండా, ఒక పేజీ తెరిచి ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయగలిగారు. పది పేరాల సూచనల స్థానంలో ఒక్క చిరునామా చెబితే సరిపోయింది. ఫోన్లలోకి తెలుగు కీబోర్డు వచ్చేసరికి అసలు ఆ ప్రశ్నే అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇన్నేళ్ళూ మనం కొత్తవాళ్ళ అజ్ఞానం అనుకున్నది నిజానికి వాకిట్లో ఉన్న రాయి. వచ్చినవాడల్లా అక్కడే తట్టుకున్నాడు. పద్మ, లేఖిని తయారుచేసినవాళ్ళు ఆ రాయిని తీసి పక్కన పెట్టారు.

ఏ రాయినీ తీయలేని ప్రశ్నలూ ఉంటాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడి రచ్చబండ, సహాయ కేంద్రం, ప్రయోగశాల, కొత్త సభ్యుడి పేజీలో పెట్టే స్వాగతం మూస, అన్నీ కొత్తవాళ్ళ కోసం కట్టుకున్నవే. అయినా చేరినవాళ్ళలో కొందరు తమ గురించే వ్యాసం రాసుకుంటారు, ఇంకొందరు వేరేచోటి పాఠాన్ని తెచ్చి అతికిస్తారు, తొలగించగానే ఎందుకు తొలగించారని అడుగుతారు. ఇక్కడ అడ్డొచ్చేది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. విజ్ఞాన సర్వస్వం అంటే ఏమిటన్న ఊహ మారాలి. ఒక మూస పడేస్తే అది మారదు. ఇంగ్లీషు వికీపీడియా అనుభవం దీనికి సాక్ష్యం. అక్కడ చురుకైన రచయితల సంఖ్య 2007లో శిఖరానికి చేరి ఆ తర్వాత తగ్గింది. 2013లో ఆరన్ హాఫేకర్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, సదుద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళ మార్పులను కూడా ఎక్కువగా తిప్పికొట్టడం, యాంత్రిక పనిముట్లు, ముందే రాసిపెట్టిన హెచ్చరికలు వాళ్ళను దూరం చేశాయని తేల్చింది. 2012లో మొదలైన టీహౌస్ అనే సహాయ వేదికలో మనుషులే పలకరించి జవాబు చెప్పారు. దానికి ఆహ్వానం అందుకున్న కొత్తవాళ్ళు అందుకోనివాళ్ళ కన్నా ఎక్కువగా నిలిచారని 2018లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది.

ఇలా మనుషులే జవాబు చెప్పాలనడానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. నిపుణుడి సమయం విలువైనది, అతణ్ణి ఓనమాలకు కట్టేస్తే వెళ్ళిపోతాడు, చివరికి కొత్తవాళ్ళకు కొత్తవాళ్ళే మిగులుతారు. ఇందులో నిజముంది. 2008లో మొదలైన ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో పునరుక్త ప్రశ్నలను నిక్కచ్చిగా మూసేసి, ప్రోగ్రామర్లకు గొప్ప జవాబుల నిధిని తయారుచేసింది. అడిగేవాళ్ళకన్నా ఎన్నో రెట్ల మంది చదువుకుని లాభపడ్డారు. కానీ ఆ ఖర్చంతా అడిగినవాడి నెత్తిన పడింది. తమ వేదిక కొత్తవాళ్ళను ఆదరించేలా లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా రాసుకోవాల్సి వచ్చింది. నకలు ప్రశ్నను అసలు జవాబుకు కలపడం మంచి గ్రంథాలయ పని. ఆ పనిని శిక్షలా చేయాల్సిన అవసరం మాత్రం నాకు కనబడదు.

ముందు వెతుక్కుని ఆ తర్వాత అడగమనడం మరో వాదన. స్వయంకృషి నేర్పడం మంచిదే. అయితే వెతకడానికి మాట తెలిసి ఉండాలి. యూనికోడ్ అన్న మాటే విననివాడు ‘డబ్బాలు’ అని తప్ప ఏమని వెతుకుతాడు? పట్టికలు రాసేది తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళ మాటల్లోనే రాస్తారు. తెలియనివాడి మాట పట్టికలోకి ఎక్కాలంటే అతను నోరు విప్పి అడగాలి, ఆ మాటను ఎవరో పట్టించుకోవాలి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ చిక్కు తీరిందనేవాళ్ళున్నారు. డబ్బాలన్నా దానికి అర్థమవుతుంది, విసుక్కోదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు పడిపోయిన మాటా వాస్తవం. కానీ ఆ యంత్రం నేర్చుకున్నదంతా ఇన్నేళ్ళూ మనుషులు బహిరంగంగా చెప్పుకున్న జవాబుల నుంచే. పైగా కొత్తవాడు యంత్రాన్ని అడిగి వెళ్ళిపోతే అతను వచ్చిన సంగతే బృందానికి తెలియదు. తన వాకిట్లో రాయి ఉందనీ తెలియదు.

వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ 2018లో కొత్తవాళ్ళ కోసం కొన్ని సౌకర్యాలు తయారుచేయడం మొదలుపెట్టింది. తొలి ప్రయోగాలు చెక్, కొరియన్ వికీపీడియాల్లో జరిగాయి, తర్వాత అవి తెలుగుకీ వచ్చాయి. చేరిన ప్రతి సభ్యుడికీ అనుభవమున్న సభ్యుణ్ణి ఒకరిని జతచేయడం వాటిలో ఒకటి. సందేహం నేరుగా ఆ మనిషికే చేరుతుంది. జవాబిచ్చేందుకు ముందుకొచ్చిన వ్యక్తి తనకు ఎక్కువమందిని కేటాయించాలో తక్కువమందినో చెప్పుకోవచ్చు, కొన్నాళ్ళు అందుబాటులో ఉండనని గుర్తు పెట్టుకుంటే ఆ ప్రశ్నలు ఇంకొకరికి వెళ్తాయి. తెలుగులాంటి చిన్న వికీపీడియాలో ఆ ఇంకొకరు కూడా మళ్ళీ అదే నలుగురిలో ఒకరు కావచ్చు. అయినా ఓపికకు సెలవు దొరకడం ఔత్సాహికుల లోకంలో కొత్త సంగతి, ఆ గడిలో టిక్కు పెట్టడానికి మొహమాటపడేవాళ్ళు ఇంకా ఉన్నారు.