కిళ్ళీకొట్టు బాకీ

తెలుగులో పేరడీ అనగానే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968) గారే తలపునకు వస్తారు. జరుక్ శాస్త్రిగా ప్రసిద్ధులైన ఆయనకు పేరడీశాస్త్రి అన్న పేరూ స్థిరపడింది. శ్రీశ్రీ ‘జయభేరి’కి ఆయన కట్టిన పేరడీ నాకు మూలంతో పాటే కంఠస్థం. మూడు, నాలుగు మాత్రల ఆ మిశ్రగతి గురజాడ 1910లో ముత్యాలసరాలలో నడిపించినదే. శ్రీశ్రీ ఆ గతిలో ప్రపంచాగ్నికి సమిధ సమర్పించగా, శాస్త్రిగారు నడక వీసమెత్తు చెడకుండా దానిని కిళ్ళీకొట్టు బాకీల దాకా తీసుకుపోయారు. గతి తప్పితే నవ్వు రాదు. ఛందస్సు చెవికెక్కనివాడు పేరడీ కట్టలేడని నా దృఢవిశ్వాసం. (కట్టేవారు ఎందరో ఉన్నారు, అది వేరే సంగతి!)

ఒకప్పుడు తరగతిలో దీనిని రాగయుక్తంగా చదివితే పిల్లలు బిక్కమొహాలు వేశారు. మూలం వారి చెవిన పడితే కదా! నవ్వింది నేనొక్కడినే, పిమ్మట సిగ్గుపడ్డాను.

2003లో ‘ఠాగూర్’ చిత్రానికి సుద్దాల అశోక్‌తేజ గారు శ్రీశ్రీ ఎత్తుగడను స్వీకరించి కొత్త పాట రచించారు. ఆ మరుసటి ఏడు మళ్ళీ అదే పేరడీ చదివాను. మొదటి పాదం ముగియకమునుపే వెనుక బల్లనుండి పకపకలు! నవ్వులు సద్దుమణిగాక ‘జయభేరి’ని నల్లబల్లపై వ్రాసి, పాఠం అక్కడినుండి మొదలుపెట్టాను.