26 దినముల నవల

మహాభారతమును వ్యాసభగవానుడు చెప్పుచుండగా విఘ్నేశ్వరుడు వ్రాసెనను కథను మనమందఱము చిన్ననాటనే వినియున్నాము. గంటము ఆగరాదని వ్రాయువాని నియమము. అర్థము గ్రహింపక వ్రాయరాదని చెప్పువాని నియమము. వేగముగా వ్రాయుట యెట్లను ప్రశ్నకు ఆ రెండు నియమములలోనే సమాధానము కొంత కలదు. చెప్పుట ఒకరిది, లిఖించుట మఱియొకరిది అయినపుడు రచన శీఘ్రముగా సాగును. కాని చెప్పువానికి చెప్పదగిన విషయము సిద్ధముగా నుండవలెను. 1866వ సంవత్సరమున, అప్పటి రష్యా రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గులో జరిగిన యొక వృత్తాంతము దీనికి చక్కని నిదర్శనము.

ప్రసిద్ధ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ అప్పటికి ఋణములలో మునిగియుండెను. 1864లో అన్నగారు మరణించిరి. ఆయన అప్పులును, కుటుంబభారమును తమ్మునిపై బడినవి. వారు నడపుచుండిన పత్రికయు మఱుసటి సంవత్సరము మూతపడెను. 1865 వేసవిలో స్తెల్లోవ్‌స్కీ యను ప్రచురణకర్త 3,000 రూబుళ్లిచ్చి ఒక ఒడంబడిక వ్రాయించుకొనెను. రచయిత పూర్వరచనలను సంపుటములుగా అచ్చువేసికొను హక్కు ఆతనిది. అదియు గాక, 1866 నవంబరు 1వ తేదీకి ఒక క్రొత్త నవలను రచయిత సమర్పింపవలెను. తప్పినచో తొమ్మిదేండ్లపాటు ఆయన రచనలను ప్రతిఫలమేమియు నీయకయే ప్రచురణకర్త అచ్చువేసికొనవచ్చును. ధర్మరాజు తన్ను తానొడ్డినట్లు, ఈ రచయిత తన కలమునే పణముగా నొడ్డెను.

ఆ సంవత్సరమంతయు ‘నేరము – శిక్ష’ అను మహానవల మాస్కో పత్రికయొకదానిలో ధారావాహికముగా వెలువడుచుండెను. ఉదయమొక నవల, సాయంత్రమొక నవల వ్రాయుదునని ఆయన వేసవిలో తలపెట్టెను గాని అది కొనసాగలేదు. అక్టోబరు మాసము ప్రవేశించునప్పటికి క్రొత్త నవలలో ఒక్క పంక్తియు వ్రాసియుండలేదు. మిత్రులు తలకొక భాగము వ్రాసి పూర్తిచేయుదుమనిరి. పరుల రచనపై తన పేరు వేసికొననని ఆయన నిరాకరించెను. అంతట మిల్యుకోవ్ అను మిత్రుడు, శీఘ్రలిపి తెలిసినవారికి చెప్పి వ్రాయింపుమని సలహా యిచ్చెను.

మనము షార్ట్‌హాండ్ అనుచున్న శీఘ్రలిపి రష్యాలో అప్పుడప్పుడే వ్యాపించుచుండెను. 1864 నాటి సంస్కరణల వలన న్యాయస్థానములలో బహిరంగ విచారణలు ఆరంభమై, వాదములను మాటకు మాటగా వ్రాసికొనగల వారి అవసరము కలిగెను. ఓల్‌ఖిన్ అను బోధకుడు తన విద్యార్థినులలో సమర్థురాలైన అన్నా గ్రిగోర్యెవ్నా యను ఇరువదేండ్ల యువతిని పంపెను. పని మొత్తమునకు 50 రూబుళ్లు వేతనము. పాత రష్యా పంచాంగము ననుసరించి అక్టోబరు 4వ తేదీన ఆమె మొదటిసారి ఆ యింట నడుగిడెను.

ఆరంభము నిరుత్సాహకరముగనే యుండెను. ఏకాంతమున వ్రాయుటకు అలవడినవారికి ఎదుట నొకరు కూర్చుండగా పలుకుట సులభము కాదు. ఆయన గదిలో అటునిటు తిరుగుచు, పొగ త్రాగుచు, మాట సాగక చిరాకుపడుచుండెను. కొలది దినములకు పని ఒక క్రమమునకు వచ్చెను. రాత్రివేళ ఆయన మఱునాటి భాగమును ఆలోచించి చిత్తుగా వ్రాసికొనును. మధ్యాహ్నము పండ్రెండు మొదలు నాలుగు గంటల వఱకు, నడుమ నడుమ విశ్రమించుచు, చెప్పును. ఆమె యింటికి పోయి రాత్రి దానిని మామూలు లిపిలోనికి మార్చి, మఱునాడు శుద్ధప్రతి తెచ్చును. ఆయన దానిని దిద్దును. ప్రతిదినము పెరుగుచున్న పుటలను లెక్కించుకొన్నకొలది గడువునకు అందుకొందునను ధైర్యము హెచ్చెను.

అక్టోబరు 29తో చెప్పుట ముగిసెను. ఆరంభదినముతో గూడ లెక్కించిన 26 దినములు. దిద్దుబాట్లు ముగించి ఒకటవ తేదీన ప్రతిని తీసికొనిపోగా ప్రచురణకర్త ఊరిలో లేడు. ఆతని కార్యాలయము వారు స్వీకరింప నొల్లరైరి. ఇట్టిదేదో జరుగునని శంకించి ముందే న్యాయవాది సలహా పొందియుండుటచే, ఆ రాత్రి పోలీసు ఠాణాలో ప్రతిని ఒప్పగించి రసీదు పుచ్చుకొనిరి. రెండు గంటలలో గడువు తీరిపోవలసియుండగా తొమ్మిదేండ్ల దాస్యము తప్పెను. ఆ నవల పేరు ‘జూదరి’.

ఇంత వేగమునకు కారణము శీఘ్రలిపి యొక్కటియేనా? 1863లోనే రోమునగరము నుండి ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో, విదేశములలో రూలెట్ జూదమునకు దాసుడైన రష్యను యువకుని కథను వ్రాయదలచితినని ఆయన వివరించియుండెను. ఆ జూదపుటిండ్లను స్వయముగా నెఱిగినవాడు. ఓటమి రుచి చూచినవాడు. అనగా చేతిపని 26 దినములది. మనసులోని పని మూడేండ్లది. పండియున్న పంటను కోయుటకు కొడవలి పదునైనదైన మేలే. విత్తని చేనిలో ఆ పదును నిరుపయోగము.

1867 ఫిబ్రవరిలో వారిరువురు వివాహమాడిరి. 1881లో ఆయన మరణించువఱకు తరువాతి మహానవలల రచనలోను ఆమె లేఖినియే తోడ్పడెను. మన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారును చూపు కోల్పోయిన పిదప ఇతరులచే వ్రాయించియే సాహిత్యసేవ సాగించిన సంగతి మనమెఱుగుదుము.

వ్రాతపని తెమలలేదని చింతించువారు ఈ వృత్తాంతము నుండి గ్రహింపదగిన పద్ధతి సులభమైనదే. ఆలోచనకు ఒక వేళ, వ్రాతకు ఒక వేళ, దిద్దుబాటునకు మఱియొక వేళ ఏర్పఱచుకొందము. మూడింటిని ఒక్కమారే చేయబూనినపుడు కలము తఱచుగా ఆగిపోవును. వేళలు వేఱైనపుడు ఒకనాటి పని మఱునాటి పనికి దారితీయును.