కార్డిఫ్ కోటలు: కనిపించని చరిత్ర

వేల్స్ రాజధాని కార్డిఫ్‌ను చూడవచ్చే యాత్రికుడి దారి సాధారణంగా కోటతోనే మొదలవుతుంది. రోమనుల దుర్గం, అందులో మట్టిదిబ్బ మీద నార్మనుల బురుజు, పక్కనే పంతొమ్మిదవ శతాబ్దపు ప్రాసాదం - రెండు వేల సంవత్సరాల చరిత్ర ఒకే ప్రాకారంలో ఉన్నదని చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ ప్రాకారంలో కనిపించనిదేమిటన్నదే ఈ వ్యాసంలో నేను వేస్తున్న ప్రశ్న.

1801లో కార్డిఫ్ జనాభా రెండు వేలకు లోపు. 1901 నాటికి అది లక్షా అరవై వేలు దాటింది. ఈ మార్పు తెచ్చింది కోట కాదు, బొగ్గు. ఉత్తరాన లోయలలోని భూములు, దక్షిణాన సముద్రతీరం బ్యూట్ ప్రభువుల సొత్తు. రెండవ మార్క్విస్ 1839లో రేవు తెరిపించాడు. గని తవ్వినవారు టన్నుకింత అని భూస్వామికి రాయల్టీ చెల్లించాలి. ఆ బొగ్గు ఓడ ఎక్కాలంటే మళ్ళీ ఆయన రేవులోనే సుంకం కట్టాలి. పలుగు పట్టకుండానే రెండు చేతులా ఆర్జించే ఏర్పాటిది. 1913లో కార్డిఫ్ రేవునుంచి కోటి టన్నులకు పైగా బొగ్గు ఎగుమతి అయింది.

ఆ సంపదతోనే మూడవ మార్క్విస్, వాస్తుశిల్పి విలియం బర్జెస్ చేత 1860ల చివరినుంచి కోటను పునర్నిర్మింపజేశాడు. నగరం వెలుపల అడవిలో ఉన్న కాస్టెల్ కోచ్ కూడా వారిద్దరి కల్పనే: మధ్యయుగపు శిథిలాల మీద లేచిన విక్టోరియా కాలపు స్వప్నం. కోటలోని అరబ్ గది పైకప్పుకు బంగారు రేకు తాపడం చేశారు. ఆ బంగారం ఏ గనిలోదని ఎవరైనా అడిగితే, బొగ్గుగనిలోదనే నా సమాధానం.

ఇంతమాత్రాన ఆ కోటలను తృణీకరించాలని నేననను. ఆ రాతిని చెక్కిన చేతులు, ఆ చెక్కను మలిచిన చేతులు శ్రామికులవే. ఆ పనితనం ప్రజల వారసత్వం. నా ఆక్షేపణ ఒక్కటే: ప్రభువు పేరు చెప్పి అక్కడితో ఆగిపోవడం చరిత్ర కాదు.

కోటకు నాలుగడుగుల దూరంలో సెయింట్ మేరీ వీధిలో పాత అంగడి ఉన్నది. ఒకప్పుడు అక్కడ చెరసాల ఉండేది. 1831 జూన్‌లో మెర్థిర్ పట్టణంలో ఇనుపకొలిమి కార్మికులు జీతాల కోతకూ, అప్పుల జప్తులకూ ఎదురు తిరిగారు. బ్రిటన్‌లో కార్మికులు ఎర్రజెండా ఎత్తినది అక్కడే మొదటిసారి అంటారు. సైన్యం కాల్పులు జరిపింది. ఒక సైనికుణ్ణి గాయపరచాడన్న నేరం మీద రిచర్డ్ లూయిస్ అనే ఇరవైమూడేళ్ళ యువకుణ్ణి ఆగస్టు 13న ఈ చెరసాల ఎదుట ఉరితీశారు. గాయపడ్డ సైనికుడు తనను పొడిచింది అతడేనని గుర్తుపట్టలేకపోయాడు. వేలాదిమంది సంతకాలు చేసిన విన్నపం కూడా వృథా అయింది. డిక్ పెండెరిన్ అన్న పేరుతో అతణ్ణి ప్రజలు నేటికీ తలుచుకుంటారు. అంగడి గోడమీద ఒక ఫలకం ఉన్నది.

నగరానికి ఉత్తరాన కేర్‌ఫిలీలో పదమూడవ శతాబ్దపు మహాదుర్గం చూసి యాత్రికులు వెనుదిరుగుతారు. మరి నాలుగు మైళ్ళు పోతే సెంగెనిడ్ వస్తుంది. 1913 అక్టోబరు 14న అక్కడి యూనివర్సల్ గనిలో పేలుడు సంభవించి 439 మంది కార్మికులు మరణించారు. అదే గనిలో 1901లోనే 81 మంది పోయారు. గనిలోని గాలి ప్రవాహాన్ని అవసరమైనప్పుడు వెనక్కి మళ్ళించే ఏర్పాటు ఉండాలని 1911 చట్టం శాసించింది. ఆ ఏర్పాటు జరగలేదు. విచారణ తరువాత మేనేజరుకు 24 పౌన్లు, కంపెనీకి 10 పౌన్లు జుల్మానా పడింది. మేనేజరు కట్టినదాన్ని పంచితే ప్రాణానికి ఒక షిల్లింగు ఒక పెన్నీ. కార్డిఫ్ రేవునుంచి బొగ్గు అత్యధికంగా ఎగుమతి అయిన సంవత్సరం కూడా అదేనన్నది మరువరాదు.

ఆ బొగ్గును మోసిన ఓడలలో సోమాలీలు, యెమెనీలు, కరిబియన్ దీవులవారు పనిచేశారు. రేవు పక్కన టైగర్ బే అనే పేటలో స్థిరపడ్డారు. యుద్ధానంతరం నిరుద్యోగం పెరిగినప్పుడు, 1919 జూన్‌లో, వారి ఇళ్ళమీద దాడులు జరిగాయి. 1952లో మహమూద్ మట్టాన్ అనే సోమాలీ నావికుణ్ణి హత్యానేరం మోపి కార్డిఫ్ జైలులో ఉరితీశారు. అతని తరఫు న్యాయవాదే కోర్టులో అతణ్ణి అర్ధనాగరికుడని వర్ణించాడు. 1998లో న్యాయస్థానం ఆ శిక్ష చెల్లదని తీర్పు చెప్పింది. మొదటివాడిది వర్గం, రెండవవాడిది వర్గమూ వర్ణమూ. ఉరితాడు మాత్రం ఒక్కటే.

మరొక విధంగా చరిత్రను చూపడం సాధ్యమేనని నగరపు అంచున సెయింట్ ఫాగన్స్ ప్రదర్శనశాల రుజువు చేస్తున్నది. 1948లో తెరిచిన ఈ ఆరుబయటి ప్రదర్శనశాలకు మెర్థిర్‌నుంచి ఇనుపకొలిమి కార్మికుల ఆరిళ్ళ వరుసను రాయి రాయిగా విప్పి తెచ్చి నిలబెట్టారు. 1805 మొదలు 1985 వరకు ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క కాలాన్ని చూపుతుంది. గనికార్మికుల ఓక్‌డేల్ సంస్థ భవనం కూడా అక్కడే ఉన్నది: చదువుకునే గది, గ్రంథాలయం, సభామందిరం. బంగారు పైకప్పు లేకపోయినా, చీకటిలో పనిచేసినవారు తమకోసం వెలిగించుకున్న దీపమది.

1947 జనవరి 1న బ్రిటన్ బొగ్గుగనులు జాతీయమయ్యాయి. అదే సంవత్సరం బ్యూట్ కుటుంబం కోటను నగరానికి అప్పగించింది. 1964లో కార్డిఫ్ బొగ్గు ఎగుమతి ఆగిపోయింది. తరువాత రేవు ప్రాంతమంతా విహారస్థలంగా మారింది. రేవుపని పోయినచోట దాని జ్ఞాపకాన్ని తుడిచివేయడం సులభం. అందుచేత చరిత్ర బోధించే ఉపాధ్యాయులకు నేను చేసే సూచన ఇది: కోట కట్టించినదెవరని అడిగిన విద్యార్థికి ప్రభువు పేరు చెప్పండి, వెంటనే, ఆ సొమ్ము ఎక్కడిదని మీరే అతణ్ణి అడగండి.